దిద్దే చెయ్యి

2020 జూన్‌లో, పద్యం రాయడం నేర్పుతానని ఫోన్లో ఒక గ్రూపు పెట్టాను. ముప్పై మూడేళ్లు జిల్లా పరిషత్తు హైస్కూళ్లలో తెలుగు చెప్పి, ఆ ముందటేడే రిటైరైన దాన్ని. బడి లేని రోజుకు అలవాటు పడకముందే లాక్‌డౌన్ వచ్చి ఇంట్లో కూర్చోబెట్టింది. పాత విద్యార్థులు నలుగురికి చెబితే వాళ్లు ఇంకో నలుగురికి చెప్పారు. వారం తిరిగేసరికి 180 మంది చేరారు. కువైట్‌లో కారు నడిపే అతను, డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయి, కరీంనగర్ దగ్గర పల్లెలో ఉండే గృహిణి, కరెంటాఫీసులో లైన్‌మన్‌గా పనిచేసి దిగిపోయిన పెద్దాయన. పద్యం కావాలనుకునేవాళ్లు ఇంకా ఇంతమంది ఉన్నారా అని కళ్లు చెమర్చాయి.

రోజూ పొద్దున ఆరింటికి పాఠం పెట్టేదాన్ని. గురువు (బరువుగా పలికే అక్షరం), లఘువు (తేలికగా పలికేది), వాటితో కట్టే సూర్య గణాలు, ఇంద్ర గణాలు, పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాల్సిన యతి, పాదాల రెండో అక్షరాలను కలిపే ప్రాస. తెల్ల బోర్డు కొనుక్కుని, రాసి, ఫొటో తీసి, దాంతోపాటు పది నిమిషాల మాట రికార్డు చేసి పంపేదాన్ని. ఒక్క రోజూ తప్పలేదు. ఆ పాఠాలు ఇప్పుడు విన్నా బాగానే ఉన్నాయి. శ్రావణంలో గ్రూపు కళకళలాడింది. దసరా నాటికి పాఠం కింద దండాల బొమ్మలు మాత్రం మిగిలాయి. దీపావళికి అవీ పలచబడ్డాయి. సంక్రాంతికి ఎవరో శుభాకాంక్షల వీడియో పంపారు, దాని కింద ఇంకొకరు ఇంకో వీడియో. నేను పాఠం ఆపేశాను. ఎందుకు ఆపారని ఎవరూ అడగలేదు.

చాలాకాలం జనాన్నే తప్పుపట్టాను. ఓపిక లేదని, చేతిలో ఫోనుంటే మనసు నిలవదని, ఊరికే వచ్చినదానికి విలువ ఉండదని. అసలు సంగతి కనబడటానికి ఏడాది పైనే పట్టింది. ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ గ్రూపులోని పాత మెసేజీలన్నీ మొదటినుంచి చదివాను. ఏడు నెలల్లో నేను పెట్టిన పాఠాలు రెండు వందల పైచిలుకు. వాళ్లు రాసి పంపిన పద్యాలు అరవై దాకా ఉంటాయి. వాటిలో నేను జవాబిచ్చినవి ఇరవై కూడా లేవు. మిగతావన్నీ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పద్యం రాసిన మనుషులవి, మర్నాటి పాఠం కింద కప్పబడిపోయాయి.

జవాబిచ్చినవి చదువుకుంటే ఇంకా బాధేసింది. కరీంనగర్ ఆవిడ తన మొదటి కందపద్యం పంపింది. రెండో పాదంలో యతి తప్పింది, ఒకచోట బేసి గణంలో, అక్కడ రాకూడని జగణం పడింది. నేనేం చేశానో తెలుసా? నాలుగు పాదాల్లో మూడు తిరగరాసి, ‘ఇలా ఉంటే బాగుంటుందమ్మా’ అని గ్రూపులో పెట్టాను. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు, నా పద్యానికి. ఆవిడ ‘ధన్యవాదాలు టీచరు గారూ’ అని రాసింది. తర్వాత మళ్లీ ఏమీ పంపలేదు. 2022లో ఫోన్ చేసి అడిగాను. చాలా మర్యాదగా చెప్పింది: ‘మీరు రాసింది మస్తుంది టీచరు గారూ. నాది ఎక్కడ తప్పయిందో అది మాత్రం తెల్వలేదు.’

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

దిద్దడం అనే మాట గురించి ఆలోచించడం అప్పుడే మొదలుపెట్టాను. అక్షరాభ్యాసం నాడు పిల్లవాడు చేసేది ఓనమాలు దిద్దడం. ఆ పలక చూసి పంతులు చేసేదీ దిద్దడమే. ముగ్గు దిద్దుతాం, బొట్టు దిద్దుకుంటాం, చెడిన పని చక్కదిద్దుతాం. నేర్చుకునేవాడి పనికీ తప్పు సవరించేవాడి పనికీ మన భాష ఒకే క్రియ పెట్టుకుంది. గురువు గీసిన గీత మీద శిష్యుడి వేలు నడుస్తుంది, శిష్యుడు గీసిన గీత మీద గురువు చెయ్యి నడుస్తుంది. రెండు చేతులూ ఒకే అక్షరం మీద ఉంటాయి. నా గ్రూపులో లేనిది అదే. నా చెయ్యి బోర్డు మీద ఉంది, వాళ్ల చేతులు ఎక్కడో ఉన్నాయి.

ఆన్‌లైన్‌లో నలుగురు కలిసి నేర్చుకునే చోటు నిలబడాలంటే మంచి పాఠం కావాలని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఇప్పుడు నా నమ్మకం వేరు. పాఠం ఎక్కడైనా దొరుకుతుంది. మనం చేసిన చిన్న పనిని ఇంకొకరు శ్రద్ధగా చూసి, ఎక్కడ తప్పిందో చెప్పే చోటు దొరకడం కష్టం. ఆ దిద్దే చెయ్యి ఉన్నంతకాలం సమూహం ఉంటుంది. ఆ చెయ్యి ఒక్కటే అయితే అది అలిసిన రోజున సమూహం పోతుంది. కాబట్టి సమూహం పెట్టినవాళ్లు మొదటి రోజునుంచీ చెయ్యాల్సింది దిద్దేవాళ్లను తయారుచెయ్యడం.

కరోనా ఏడాది మా మనవడు ఆరో తరగతి. 2020 సెప్టెంబరు నుంచి తెలంగాణ సర్కారు బడి పిల్లలకు పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో వచ్చేవి. నేనూ వాడి పక్కన కూర్చుని చూసేదాన్ని. చక్కగా చెప్పేవారు. భిన్నాల కూడిక పాఠం అయిపోయాక వాడు నోటుబుక్కులో నాలుగు లెక్కలు చేశాడు, నాలుగూ తప్పే, నాలుగూ ఒకే రకం తప్పు. లవాన్ని లవంతో, హారాన్ని హారంతో కూడేశాడు. టీవీకి అది కనబడదు. నేను పక్కనుండబట్టి కనబడింది. నాయనమ్మ పక్కన లేని పిల్లలు ఎంతమంది ఆ తప్పును ఒప్పనుకునే తర్వాతి తరగతికి వెళ్లారో.

పెద్ద ఎత్తున జరిగినవాటి కథా ఇదే. 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధ మీద ఒక కోర్సును ఉచితంగా నెట్‌లో పెడితే 1,60,000 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. చివరిదాకా వచ్చినవాళ్లు ఇరవై వేల పైచిలుకు. ఇరవై వేలమంది పూర్తిచెయ్యడం చిన్న విషయమని నేననను. మిగతా లక్షా ముప్పై వేల పైచిలుకు మందికి బద్ధకమని మాత్రం ఇక అనలేను. మొదటి లెక్క తప్పిన రాత్రి పక్కన ఎవరూ లేకపోవడం ఎలా ఉంటుందో నా అరవై పద్యాల లెక్క నాకు చెప్పింది.

గ్రూపు పోయాక పాత విద్యార్థి ఒకతను నన్ను వికీసోర్స్ అనే ఉచిత నెట్ గ్రంథాలయంలోకి తీసుకెళ్లాడు. తెలుగులో అది 2005నుంచి ఉంది. హక్కుల గడువు తీరిన పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి పెడతారు. ఎడమ పక్క అక్షరాలు, కుడి పక్క పుట బొమ్మ. యంత్రం చదివి ఇచ్చిన అక్షరాల్లో తప్పులుంటాయి. ‘థ’కు ‘ధ’ పడుతుంది, అరసున్న ఎగిరిపోతుంది, బండి ‘ఱ’ మామూలు ‘ర’ అయిపోతుంది. బొమ్మను చూస్తూ వాటిని సరిచెయ్యాలి. ఒకరు ఒక పుట పూర్తిచేస్తే అది పసుపు రంగుకు వస్తుంది. దాన్ని అచ్చుదిద్దిన పుట అంటారు. ఇక్కడా దిద్దడమే. అది ఆకుపచ్చగా మారాలంటే మరొకరు మొత్తం చదివి ఆమోదించాలి. పసుపు చేసిన మనిషే పచ్చ చెయ్యడం కుదరదు. ఆ వీలే ఉండదు.

నేను తెలుగు పండితురాల్ని. అరసున్నలూ బండి ‘ఱ’లూ నాకు కొత్త కాదు. నా మొదటి పది పుటలు తప్పుల్లేకుండా చేశాననే అనుకున్నాను. మూడో రోజు ఎవరో వాటిని పచ్చ చేశారు. పుటల సవరణ చరిత్ర తెరిచి చూస్తే మూడు పుటల్లో మార్పులున్నాయి. ఒకచోట అరసున్న వదిలేశాను. ఒకచోట పాత ముద్రణలో ఉన్న రూపాన్ని, చెయ్యి అలవాటు కొద్దీ ఈనాటి రూపంగా మార్చేశాను. పుటలో ఉన్నది ఉన్నట్టు ఉంచాలన్నది అక్కడి నియమం. సవరించిన మనిషి నా గురించి ఒక్క మాట అనలేదు. సవరణ పక్కన ‘అరసున్న చేర్చాను’ అని రెండు మాటలు రాసి ఉంది. తర్వాత తెలిసింది, అతను నా కొడుకు కంటే చిన్నవాడు, చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, అరసున్నలు నేర్చుకున్నది అక్కడే, పుటలు దిద్దీ దిద్దీ. నెల తిరిగేసరికి నేను ఇంకొకరి పసుపు పుటలు తీసుకుని పచ్చ చేస్తున్నాను. అప్పుడు తెలిసింది, నా సొంత పుట చదివేటప్పటి కన్ను వేరు, ఇంకొకరి పుట చదివేటప్పటి కన్ను వేరు. ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నేర్చుకోనంత జాగ్రత్త ఆ రెండో పనిలో నేర్చుకున్నాను.

కొత్తగా వచ్చినవాడికి పుస్తకం రాయమని ఎవరూ చెప్పరక్కడ. ఒక పుట చాలు. ఒక పుట కూడా ఎక్కువైతే ఒక అక్షరం సరిచేసి వెళ్లొచ్చు. దర్జీ కొట్లో చేరిన కుర్రాడి చేతికి మొదటి రోజే కత్తెర ఇవ్వరు, కాజాలు కుట్టమంటారు, గుండీలు కుట్టమంటారు. మన ఊళ్ల సంగతే అనుకున్నాను గానీ, 1970లలో జీన్ లేవ్ అనే మానవ శాస్త్రవేత్త పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో దర్జీల దగ్గర కూర్చుని గమనించిందీ అదే. అక్కడ శిష్యులు చివరినుంచి మొదలుపెడతారు. ముందు గుండీలు, అంచు మడతలు, తర్వాత కుట్టు, అన్నిటికంటే ఆఖరున కత్తిరింపు. గుండీ కుట్టేవాడు తప్పు కుడితే విప్పి కుట్టొచ్చు. కత్తిరింపు తప్పితే గుడ్డే పోతుంది. పైగా గుండీ కుడుతున్నంతసేపూ పూర్తయిన చొక్కా కుర్రాడి ఒళ్లోనే ఉంటుంది, అది ఎలా ఉండాలో చెయ్యి చూస్తూ ఉంటుంది. నా గ్రూపులో నేను పదో పాఠానికే కందం రాయమన్నాను. మొదటి రోజే కత్తెర చేతికిచ్చినట్టు.

మన పాత వీధి బళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. సర్ థామస్ మన్రో మద్రాసు గవర్నరుగా ఉన్నప్పుడు జిల్లాల్లోని బళ్ల వివరాలు పంపమని కలెక్టర్లను అడిగాడు. బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన జవాబు చదివి తీరాలి. తెలుగు వ్యాకరణం రాసిన దొర ఆయన. ఇప్పటి అనంతపురం ప్రాంతమంతా అప్పుడు బళ్లారిలోనే ఉండేది. ఆ జిల్లాలో 533 బళ్లున్నాయని, తెలుగు బళ్లూ కన్నడ బళ్లూ ఎక్కువని రాశాడు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతారని, ముందు చేరిన పిల్లలు వెనక చేరిన పిల్లలకు నేర్పుతారని, ఇంత తక్కువ ఖర్చుతో ఇంత చక్కగా నడిచే ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించిందంటే అందుకు తగినదేనని మెచ్చుకున్నాడు. ఇంగ్లండు అనుకరించడమేమిటంటే, అంతకు ముందు మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమాన్ని చూసుకున్న ఆండ్రూ బెల్ అనే మతాధికారి ఇక్కడి వీధి బళ్లో పిల్లలు ఇసుకలో దిద్దడం చూసి, ఆ పద్ధతిని తన ఆశ్రమంలో పెట్టి, పెద్ద పిల్లలతో చిన్న పిల్లలకు చెప్పించి, 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం అచ్చువేయించాడు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అనే పేరొచ్చింది.

ఆ బళ్లను నేను పొగిడి వదిలెయ్యను. అదే జవాబులో క్యాంప్‌బెల్ ఇంకో సంగతీ రాశాడు. పిల్లలు పద్యాలు గడగడా అప్పజెబుతారు, అర్థం వాళ్లకూ తెలియదు, చాలాచోట్ల పంతులుకూ తెలియదు. బెత్తం సంగతీ ఉంది. పొద్దున బడికి అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా ‘సరస్వతి’ అని రాసేవారట. రెండో వాడి చేతిలో సున్న, అంటే మెప్పూ లేదు తప్పూ లేదు. మూడో వాడికి ఒక మెత్తటి దెబ్బ, నాలుగో వాడికి రెండు, అలా పెరుగుతూ పోతుంది. ఈ వరసలో మొదటిదాన్ని తీసుకుని మిగతావి వదిలెయ్యాలని నాకనిపిస్తుంది. ముందు ధైర్యం చేసినవాడి చేతిలో సరస్వతి రాయాలి. ఆలస్యంగా వచ్చినవాడు ఎంత దూరంనుంచి నడిచొచ్చాడో మనకు తెలియదు.

2022 విజయదశమినాడు మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఇరవై నలుగురమే. పాతవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. కరీంనగర్ ఆవిడకు క్షమాపణ చెప్పి రమ్మని అడిగాను. వచ్చింది. పాఠం పదిహేను రోజులకొకసారి. సోమవారం ఒక చిన్న పని ఇస్తాను, ఎక్కువసార్లు ఒక్క పాదం. సూర్య గణాలకు సరిపోయే నాలుగు మాటలు వెతకండి. ‘పుస్తకం’లో ‘పు’ ఎందుకు గురువో రాయండి. ఆటవెలది పద్యంలో ఈ మొదటి పాదానికి రెండో పాదం కట్టండి. ప్రతి వారం ఇద్దరు వంతులవారీగా దిద్దుతారు. ఎవరు ఏం పంపినా రెండు రోజుల్లోపల జవాబు రావాలి. దిద్దేవాళ్లు ఎక్కడ తప్పిందో చెప్పాలి, దానికి బదులు ఏం రాయాలో చెప్పకూడదు. ఈ ఆఖరి నియమం నాకోసం పెట్టుకున్నదే. ఇప్పటికీ చెయ్యి దురద పెడుతుంది, మంచి మాట తడుతుంది, చెప్పెయ్యాలనిపిస్తుంది. బిగబట్టుకుంటాను.

పది పాదాలు పూర్తిచేసినవాళ్లు వంతుల్లోకి వస్తారు. ‘నాకేం తెలుసని దిద్దను’ అని ప్రతివాళ్లూ వెనక్కి తగ్గుతారు. గణాలు లెక్కపెట్టడం తెలుసు కదా, అంతవరకు చూడు, యతి సంగతి పక్కవాళ్లు చూస్తారు అంటాను.

రెండో ఏడు కువైట్ తమ్ముడు ఆటవెలది మొదలుపెట్టాడు. అతనికి తెలుగు టైపు చెయ్యడం రాదు. కారులో కూర్చుని, మనిషికోసం ఎదురుచూసే సమయంలో, పాదం పాడి వినిపిస్తాడు. మేం రాసుకుంటాం. రెండు పాదాలు పంపాడు:

అమ్మ చేతి ముద్ద హాయిగొల్పును గదా
కడుపు నిండిపోవు పిల్లలకును

మొదటి పాదం చూసి నేను మురిసిపోయాను. ‘అ’కు ‘హా’ యతి చెల్లుతుందని పుస్తకంలో చదివి పెట్టుకునేవాళ్లే తక్కువ. అతను చదివింది కాదు, చెవికి తెలిసింది. చిన్నప్పుడు వాళ్లమ్మ పాడిన పాటలు, తత్వాలు చెవిలో ఉన్నాయి. రెండో పాదంలో గణాలన్నీ సరిపోయాయి, యతి తప్పింది. ‘క’కు ‘పి’ కుదరదు. ఆ వారం వంతు కరీంనగర్ ఆవిడది. నేనైతే ‘కన్న’ అనో ‘గారవించి’ అనో ఏదో ఒకటి పెట్టి నా తెలివి చూపించుకునేదాన్ని. ఆవిడ రాసింది ఇంతే: ‘మొదటి పాదం మంచిగ కుదిరింది తమ్మీ. రెండో పాదంల నాలుగో గణం మొదటి అక్షరం చూడు.’

రెండు రోజులు చప్పుడు లేదు. మూడో రోజు రాత్రి అతని గొంతు వచ్చింది.

అమ్మ చేతి ముద్ద హాయిగొల్పును గదా
కడుపు నిండిపోవు కథలతోడ

‘క’ కోసం వెతుకుతుంటే అమ్మ అన్నం పెడుతూ చెప్పిన కథలు గుర్తొచ్చాయట. యతి తప్పకపోయి ఉంటే ఆ కథలు పద్యంలోకి వచ్చేవి కావు. మేమెవరమైనా మాట అందించి ఉన్నా వచ్చేవి కావు. ఇరవై నలుగురం ఆ పాదాన్ని ఎన్నిసార్లు విన్నామో. ఆ వారం పద్యాలు మామూలుకంటే ఎక్కువ వచ్చాయి.

ఇరవై నలుగురితో ఏమవుతుంది, లక్షలమందికి అందాలి కదా అని నా మేనల్లుడు వాదిస్తాడు. అందాలి. అయితే గ్రూపు లావెక్కితే అందదు, పిలకలు వేస్తే అందుతుంది, అరటిచెట్టులా. మా ఇరవై నలుగురు ముప్పై ఇద్దరయ్యాక రెండుగా విడిపోయాం. డాలస్ అమ్మాయి అక్కడి టైముకు సరిపడేలా ఒకటి నడుపుతోంది. దానికి దిద్దేవాళ్లు మా దగ్గర తయారైనవాళ్లే. నెట్‌లో రోజుకొక సమస్య ఇచ్చి, వచ్చిన పూరణలన్నీ ఓపిగ్గా చూసి, గుణం గుణమని దోషం దోషమని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన పండితులు తెలుగులో ఉన్నారు. వాళ్ల దగ్గర ఓనమాలతో మొదలుపెట్టి శతకాలు రాసినవాళ్లనూ ఎరుగుదును. సమస్య అంటేనే ఒక్క పాదం, మిగతా పద్యం మనం పూరించాలి. పని చిన్నది, అందరికీ ఒకటే, జవాబు మాత్రం ఎవరిది వాళ్లది. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు. అవధానంలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడి కుర్చీ మనకు వందల ఏళ్లుగా ఉంది.

దిద్దుబాటుకూ ఒక జబ్బు ఉంది. 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో అనే సైటులో ప్రోగ్రామర్లు ఒకరి ప్రశ్నకు ఒకరు జవాబిస్తారు. దిద్దేవాళ్లను తయారుచేసే విద్యలో వాళ్లు ఘనులు. మంచి జవాబులకు పాయింట్లు, పాయింట్లతో హక్కులు. చాలాకాలం నడిచిన లెక్క ప్రకారం పదిహేనుంటే మెచ్చుకోలు ఓటు వెయ్యొచ్చు, యాభై ఉంటే వ్యాఖ్యానించొచ్చు, రెండు వేలుంటే ఇంకొకరు రాసినదాన్ని నేరుగా సవరించొచ్చు. ఎన్ని కోట్లమందికి మేలు జరిగిందో చెప్పలేం. కానీ కాలం గడిచేకొద్దీ కొత్తవాళ్లకు ఆ గుమ్మం భయపెట్టేదిగా తయారైంది. 2018లో నడిపేవాళ్లే ఆ మాట ఒప్పుకుని మారాలని రాసుకున్నారు. తప్పు చూపడంలో ఆరితేరిన మనిషి, తప్పు చేసిన మనిషిని మరిచిపోవడం ఎంత తేలికో నాకు తెలుసు. ఎర్ర సిరా పెన్ను ముప్పై మూడేళ్లు పట్టుకున్నాను.

మాట్లాడని వాళ్ల సంగతి ఇంకొకటి. ఏమీ పంపకుండా చదివి వెళ్లిపోయేవాళ్లు ఎక్కడైనా ఎక్కువే. వాళ్లను తీసెయ్యమని కొందరంటారు. హరికథ జరుగుతుంటే అరుగు చివర చీకట్లో కూర్చుని విన్నవాళ్లే తర్వాత ఊరికి కథలు చెప్పారు. నేను ఎవర్నీ తియ్యను. రాస్తూ రాస్తూ ఆగిపోయినవాళ్ల సంగతి మాత్రం వేరు. రెండు వారాలు చప్పుడు లేకపోతే లైన్‌మన్ బాబాయిగారు ఫోన్ చేస్తారు. ఆ పని ఆయనే అడిగి తీసుకున్నారు. ‘లైను ఎక్కడ తెగిందో నడిచెళ్లి చూస్తేనే తెలుస్తుందమ్మా, ఆఫీసులో కూర్చుంటే తెలియదు’ అంటారు. ఒకామె అత్తగారికి పక్షవాతం, ఒకబ్బాయి ఉద్యోగం పోయింది, ఒకరికి నా మాటేదో గుచ్చుకుంది. పద్యం గురించి ఆయన అడగరు. వాళ్లలో సగంమంది నెలలోపు మళ్లీ పంపడం మొదలుపెట్టారు.

ఇప్పుడు యంత్రాలు వచ్చాయి. పద్యం టైపు చేస్తే గణాలు విడదీసి, యతి తప్పినచోటు చూపించే తెలుగు సాఫ్ట్‌వేర్ ఏళ్ల కిందటే తయారైంది. ఎంతో శ్రద్ధతో చేసిన పని అది, నేనూ వాడతాను. 2022 చివరినుంచి ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పే చాట్ యంత్రాలూ చేతికొచ్చాయి. ఆ తర్వాత స్టాక్ ఓవర్‌ఫ్లోకు వచ్చే ప్రశ్నలు బాగా తగ్గాయి. విసుక్కోని, అలసిపోని, అర్ధరాత్రి కూడా పలికే చెయ్యి దొరికినప్పుడు జనం అటు వెళ్లరా? వెళ్తారు. ఒంటరిగా ఉన్నవాడికి అది పెద్ద ఊరట. నా 2020 గ్రూపులో జవాబు రాకుండా పడి ఉన్న ఆ పద్యాలకు అలాంటిదొకటి ఉన్నా మేలే జరిగేది. అందుకని దాన్ని నేను తిట్టను.

నా భయం ఇంకోచోట ఉంది. దిద్దించుకున్నవాడు సగం నేర్చుకుంటాడు. మిగతా సగం దిద్దినవాడికి వస్తుంది. కరీంనగర్ ఆవిడ ఆ ఒక్క వాక్యం రాయడానికి ముందు తమ్ముడి పాదాన్ని ఎన్నిసార్లు గణాలు కట్టి చూసిందో, ఏ మాట అనాలో ఏది అనకూడదో ఎంతసేపు ఆలోచించిందో నాకు తర్వాత చెప్పింది. మూడు గంటలట. ఆ మూడు గంటల్లో ఆవిడ కందం బాగుపడింది. దిద్దే పనంతా యంత్రం తీసుకుంటే అందరమూ ఎప్పటికీ దిద్దించుకునేవాళ్లుగానే మిగిలిపోతాం. పలక పట్టుకున్న చేతులుంటాయి, బలపం అందించే చేతులుండవు. అందుకే మా దగ్గర ఒక కట్టుబాటు. పంపేముందు ఎవరి పాదాన్ని వాళ్లు యంత్రంలో చూసుకోవచ్చు. ఇంకొకరి పాదాన్ని మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టే దిద్దాలి.

ఈ వారం వంతు నాది, డాలస్ అమ్మాయిది. మూడు వచ్చాయి. రెండు నిన్ననే చూసి పంపాను. మూడోది లైన్‌మన్ బాబాయిగారిది. నెల రోజులుగా ఆయన ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. పిన్నిగారు పోయారని మాకు పదిరోజులు ఆలస్యంగా తెలిసింది. నిన్న రాత్రి ఆయన ఆటవెలది పంపారు, నాలుగు పాదాలూ, ఆవిడ మీద. మొదటి రెండు పాదాలూ నిండుగా ఉన్నాయి. మూడో పాదం చివరి గణం చెడింది, ఒక లఘువు ఎక్కువ. ఆ ఎక్కువైన అక్షరం ఆవిడ పేరులోది.

రెండు రోజుల్లోపల జవాబు రావాలన్నది నేను పెట్టిన నియమమే. రేపు పొద్దున ఫోన్ చేస్తాను. ముందు ఆవిడ గురించి చెప్పమంటాను, ఎంతసేపు చెబితే అంతసేపు వింటాను. ఆ పాదం గురించి ఆయన అడిగితే, చివరి గణం ఒక్కసారి చూడండి బాబాయిగారూ అంటాను. అడగకపోతే అలాగే ఉండనిస్తాను.